ఆరా తీసే ఆడవాళ్ళు

మా పటమటలో పక్కింటి సంగతులు అడిగే ఆడమనిషిని 'దానికి అన్నీ ఆరాలే' అంటారు. అదే పని మగవాడు చేస్తే కూపీ లాగాడంటారు, బుర్ర ఉన్నవాడంటారు. ఆ బుర్రకి ఒక కోటు తొడిగి, పక్కన ఒక అసిస్టెంటుని నిలబెడితే డిటెక్టివ్ నవల అయిపోతుంది. థ్రిల్లర్లూ సైన్స్ ఫిక్షనూ చదవడం గురించి రాద్దామని కూర్చున్నప్పుడు నాకు మొట్టమొదట తట్టింది ఈ తేడాయే. పదకొండో ఏట నుంచి నేను చదివిన అపరాధ పరిశోధన నవలలన్నీ మెచ్చుకున్న పనులు కొన్ని ఉన్నాయి. ప్రశ్నలడగడం, మూసిన తలుపు వెనక ఏముందో చూడడం, ఎవరు ఎన్నింటికి ఎక్కడున్నారో కనుక్కోవడం, చెప్పినదాన్ని చెప్పినట్టు నమ్మకపోవడం. సరిగ్గా ఈ నాలుగూ మా ఇంట్లో ఆడపిల్ల చెయ్యకూడని పనులు.

తొంభైల చివర్లో పటమట హైస్కూలు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. టీవీ సీరియళ్ళు ఇంటింటికీ వచ్చేసి, అలాంటి షాపులు ఒక్కొక్కటే మూతబడుతున్న రోజులవి. ఇది మాత్రం ఒక పక్క పుస్తకాలు, ఒక పక్క సోడాలు పెట్టుకుని బతుకుతోంది. ఎడమ వైపు అరల్లో యద్దనపూడి, మాదిరెడ్డి. కుడి వైపు యుగంధర్, షాడో. రోజుకి రూపాయి. నేను కుడి వైపు అరలో చెయ్యి పెట్టగానే షాపాయన "మీ అన్నయ్యకామ్మా?" అని అడిగేవాడు. నేను తలూపేదాన్ని. మా అన్నయ్యకి పాఠ్యపుస్తకమే పడేది కాదు, ఇంక నవలలా! అయినా ఆ ఖాతాపుస్తకంలో నేను చదివిన ప్రతి షాడో నవలా మా అన్నయ్య పేరు మీదే ఉంది. ఆ పుస్తకం ఇవాళ ఎవరికైనా దొరికితే పటమటలో థ్రిల్లర్లు చదివింది మగవాళ్ళేనని తేల్చేస్తారు. సాహిత్యంలో పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్న మనిషిగా చెబుతున్నాను, పాఠకుల లెక్కలు చూపించే రిజిస్టర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అన్నల పేర్ల వెనకా, తమ్ముళ్ళ పేర్ల వెనకా ఎంతమంది ఉన్నారో అందులో రాయరు కదా.

అలాంటి వాళ్ళలో మా పిన్ని ఒకతె. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక వీక్లీ తెరిచి పట్టుకుని, లోపల షాడోని పెట్టుకుని చదివేది. చదివిన కథని సాయంత్రం పంపు దగ్గర నలుగురికీ చెప్పేది. నేను రెండూ ఎరుగుదును కనుక తేడా పట్టుకోగలిగాను. నవల్లో చచ్చిపోయినావిడ గురించి రెండు వాక్యాలుండేవి, అందులో ఒకటి ఆమె కట్టుకున్న చీర గురించి. పిన్ని చెప్తే అదే మనిషికి పుట్టిల్లు ఉండేది, నోటి దురుసు ఆడపడుచు ఉండేది, తాకట్టులో ఉన్న గాజులుండేవి. "పాపం ఆ గాజులు విడిపించుకుందామనే వెళ్ళుంటుందమ్మడూ" అనేది నాతో. పుస్తకంలో గాజుల ఊసే లేదు. ఆ శవాన్ని పిన్ని ఊరికే వదలలేకపోయింది. నాకు తెలిసి తెలుగు థ్రిల్లర్ మీద మొదటి స్త్రీవాద విమర్శ ఆ పంపు దగ్గర జరిగింది.

ఈ పుస్తకాలు ఎక్కడో అచ్చయి మా ఊరు వచ్చినవి కావు. తెలుగు పుస్తకాల వ్యాపారానికి చాలాకాలం బెజవాడే రాజధాని. కార్ల్ మార్క్స్ రోడ్డని అసలు పేరున్న ఏలూరు రోడ్డూ, గవర్నర్‌పేట చుట్టుపక్కలా పబ్లిషర్లు బారులు తీరి ఉండేవారు. విశాలాంధ్ర, నవోదయల పుస్తకాలు అచ్చయిన ఊళ్ళోనే హత్యలూ, గూఢచారులూ, మంత్రగాళ్ళూ కూడా అచ్చయ్యారు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు బైండింగు షాపులో ఫారాలు మడిచే పనికి వెళ్ళేవాళ్ళు. ఒకావిడ చదువు రానిది. మడుస్తున్న ఫారాల్లో ఏముందో పక్కమనిషి చేత చదివించుకుని వింటానని చెప్పేది. పదహారు పేజీల ఫారం ఒక్కటే చేతిలో ఉంటుంది కనుక ఆవిడకి మొదలూ తెలీదు, హంతకుడెవరో అంతకన్నా తెలీదు.

ఇక పుస్తకాల సంగతి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు నాకు బాగా ఇష్టం. మద్రాసు నేపథ్యం, పొదుపైన వాక్యం, అనవసరపు ఆర్భాటం లేని తర్కం. ఆరుద్ర లాంటి కవి కూడా 'పలకల వెండిగ్లాసు' రాసి ఈ దారిలో నడిచాడు కనుక ఇది తక్కువ జాతి రచన అన్న చూపు నాకెప్పుడూ లేదు. కానీ ఓ పాతిక ముప్పై నవలలు వరసగా చదివితే ఈ ప్రపంచంలో ఆడవాళ్ళకి ఎన్ని పనులున్నాయో తేలిపోతుంది. శవం. శవాన్ని మొదట చూసి కెవ్వుమనే మనిషి. ఏడుస్తూ కేసు తెచ్చే క్లయింటు. ఎర. అడపాదడపా హంతకురాలు, అప్పుడు కారణం అసూయ అయి తీరాలి. యుగంధర్ స్థానంలో ఆడమనిషి ఉండే అవకాశాన్ని ఆ రచయితలు కొట్టిపారెయ్యలేదు, అసలు ఆ ఊహే వాళ్ళకి రాలేదు. ఇక్కడ ఒక చిన్న విషయం. కొమ్మూరి తల్లి పద్మావతీదేవి రచయిత్రి. పరువుగల ఇంటి ఆడవాళ్ళు స్టేజీ ఎక్కడమే తప్పనుకున్న రోజుల్లో బళ్ళారి రాఘవతో కలిసి నటించిన మనిషి. చెల్లెలు ఉషారాణీ భాటియా కూడా రచయిత్రే. అంత ధైర్యస్తులైన ఆడవాళ్ళ ఇంట్లోంచి వచ్చిన రచయిత నవలల్లోకి కూడా వాళ్ళ ధైర్యం రాలేదంటే, లోపం ఆ మనిషిది అనిపించదు నాకు. ఆ చట్రం అంత గట్టిది.

మధుబాబు షాడో దగ్గరికొస్తే తర్కం తగ్గి వేగం పెరుగుతుంది. దేశాలు, విమానాలు, కొండలు, కరాటే దెబ్బలు. షాడో వెంట గంగారాం, శ్రీకర్ ఉంటారు, బిందు ఉంటుంది. బిందు కూడా తుపాకీ పట్టగలదు కానీ నవల ఆమెని ఎక్కువసార్లు ఎవరో ఒకరు ఎత్తుకుపోవడానికి వాడుకుంటుందని నా ఫిర్యాదు. మరి నేను ఎవరి పక్కన నిలబడి చదివాను? నిస్సందేహంగా షాడో పక్కన. జూడిత్ ఫెటర్లీ 1978లో అచ్చయిన 'ది రెసిస్టింగ్ రీడర్' పుస్తకంలో ఇలాంటి చదువు గురించే హెచ్చరించింది. మగవాడి చూపుతో రాసిన పుస్తకాలు చదివీ చదివీ ఆడపాఠకురాలు మగవాడిలా ఆలోచించడం నేర్చుకుంటుందనీ, తనకి వ్యతిరేకంగా తానే నిలబడుతుందనీ ఆవిడ వాదం. ఎమ్మేలో మొదటిసారి చదివినప్పుడు నన్నెవరో పట్టేసుకున్నట్టనిపించింది. కానీ ఆ తరవాత ఎన్నిసార్లు ఆలోచించినా ఆ వాదం నాకు పూర్తిగా ఒప్పలేదు. నేను షాడోని అవ్వాలనుకోలేదు. వాడి చొక్కా ఒకటి అరువు తీసుకుని రాత్రిపూట రోడ్డు మీదికి వెళ్ళాలనుకున్నాను. అంతే. ఆడపిల్ల వేసుకుని బయటికెళ్ళే చొక్కా ఏదీ ఎడమ వైపు అరల్లో లేదు మరి.

ఆ అరల్ని చిన్నచూపు చూసి ఈ మాట అనడం లేదు. యద్దనపూడి సులోచనారాణి మా జిల్లా మనిషి, కాజలో పుట్టింది. 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగం చేసుకునే అమ్మాయి, ఆత్మాభిమానం ఉన్న మనిషి. ఆ అభిమానం అరవైల్లో ఎంతమంది ఆడపిల్లలకి నడుం నిటారుగా నిలబెట్టుకోవడం నేర్పిందో మా అమ్మ తరం వాళ్ళని అడిగితే చెబుతారు. నా సిద్ధాంత గ్రంథం కూడా ఆ నవలల మీదే. కాకపోతే ఆ నవలల్లో దారులన్నీ చివరికి ఒక ఇంటి పోర్టికోలోకి వెళ్ళి ఆగుతాయి. థ్రిల్లర్లో దారి ఎక్కడికి పోతుందో తెలీదు. పదకొండేళ్ళ పిల్లకి అదే కావలసింది. జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు 1984లో వెలువడిన 'రీడింగ్ ది రొమాన్స్' కోసం అమెరికాలో ప్రేమ నవలలు చదివే ఆడవాళ్ళ దగ్గరికే వెళ్ళి అడిగింది, ఎందుకు చదువుతున్నారని. వాళ్ళు కథ గురించి చెప్పినదానికన్నా చదివే వేళ గురించి చెప్పిందే ఎక్కువ ముఖ్యమనిపించింది నాకు. ఇంటి చాకిరీ నుంచి అది తమ కోసం తాము తీసుకునే సమయమని చెప్పారు వాళ్ళు. మన విమర్శకులు మన పాఠకురాళ్ళని అలా కూర్చోబెట్టి అడిగింది తక్కువ. వీక్లీలు చదివి ఆడవాళ్ళు చెడిపోతున్నారని బెంగపడినవాళ్ళు మాత్రం చాలామంది.

ఆ బెంగ ఎక్కువగా వినబడింది ఎనభైల్లో, క్షుద్ర నవలల మీద. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చి తెలుగునాట అందరి నిద్రా చెడగొట్టింది. ఆస్తి కోసం ఒక పసిపిల్ల మీద చేతబడి చేయిస్తారు. పిల్లకి వచ్చినది రోగమా ప్రయోగమా అన్నది తేల్చకుండా రెండు దారుల్నీ చివరిదాకా పక్కపక్కనే నడిపిస్తాడు రచయిత. రంగనాయకమ్మ దీని మీద 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము!' అని రాసింది. ఆ తగాదా కోర్టు దాకా వెళ్ళింది. రెండు వైపులా ఒప్పే ఆ నేర్పు మూఢనమ్మకానికి దొడ్డిదారి తెరవడమేనని ఆవిడ కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది. చేతబడి నింద మోపి ఊళ్ళలో కొట్టిన, చంపిన మనుషుల్లో ఒంటరి ఆడవాళ్ళు, దళితులు ఎందరున్నారో వార్తలు చదివేవాళ్ళకి తెలుసు. పైగా ఈ రకం నవలని అసహ్యించుకుని పక్కకి నెట్టెయ్యకుండా, చదివి, పేజీ పేజీకీ జవాబు చెప్పిన మనిషి ఆవిడ. పాఠకుల్ని గౌరవించడమంటే అది.

అయినా నాకొకటి మిగిలిపోయింది. ఆ నవలని మా పిన్ని మూడుసార్లు చదివింది. ఆమెకి చేతబడుల మీద నమ్మకం లేదు. ఎందుకు చదివావు పిన్నీ అంటే, "రాత్రిపూట పిల్లకి జ్వరమొస్తే ఎట్లా ఉంటుందో వాడు సరిగ్గా రాశాడే" అంది. అర్ధరాత్రి ఒళ్ళు కాలిపోతున్న పిల్లని భుజాన వేసుకుని, డాక్టరు చెప్పేదీ అర్థంకాక, అత్తగారు కట్టే తాయెత్తు వద్దనలేక నిలబడిన తల్లి భయం ఆ నవల్లో ఉంది. ఆ భయానికి తెలుగులో అప్పటికి మరో చోటు ఎక్కడుంది? మన గంభీరమైన నవలలు తల్లిని త్యాగం చెయ్యమన్నాయి కానీ ఇంతగా భయపడనివ్వలేదు.

అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్‌ని నేను ఎమ్మే రోజుల్లో, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో కొని చదివాను. మార్పుల్‌తో వచ్చిన మొదటి నవల 1930 నాటిది. పెళ్ళి చేసుకోని ముసలావిడ, పల్లెటూరు దాటి పెద్దగా వెళ్ళదు, అల్లిక అల్లుకుంటూ కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. హత్య జరిగితే ఆవిడకి మా ఊళ్ళో ఫలానా పనిపిల్ల ఇలాగే చేసింది అని ఏదో ఒకటి గుర్తొస్తుంది, దాంతో హంతకుణ్ణి పట్టేస్తుంది. పోలీసులు మొదట నవ్వుతారు. చదువుతున్నంతసేపూ నాకు మా అమ్మమ్మ వాళ్ళ ఊరి అరుగులే కనిపించాయి. పామర్రు దగ్గర పల్లె అది. అక్కడి ముసలమ్మలు చెప్పుల చప్పుడు బట్టి మనిషిని గుర్తుపట్టేవాళ్ళు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఏ కోడలు పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదో, ఏ చావు మామూలు చావు కాదో వాళ్ళకి తెలుసు. ఇంత సరంజామా ఉండి కూడా తెలుగులో ఒక మార్పుల్ ఎందుకు పుట్టలేదు? తెలివిగల ముసలివాళ్ళు లేకనా? వాళ్ళకి తెలిసినదాన్ని మనం విజ్ఞానం అనలేదు, చాడీలన్నాం. కాలిపోయిన కోడళ్ళ గురించి అరుగు మీద నిజం తెలిసే ఉంటుంది. పంచనామా కాగితంలో స్టవ్వు పేలిందనే ఉంటుంది. ఈ రెండిటికీ మధ్య ఉన్న దూరం మీద ఒక్క మంచి డిటెక్టివ్ నవల వచ్చినా దాని కోసం నేను నా సిద్ధాంత గ్రంథం పక్కన పెట్టేసేదాన్ని.

2007 డిసెంబరులో మా బెజవాడ పక్కనే, ఇబ్రహీంపట్నంలో ఒక లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదువుకునే అమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారు. నేనప్పుడు వేరే ఊళ్ళో డిగ్రీ రెండో ఏడు, హాస్టల్లోనే. మా హాస్టల్లో మొదట జరిగిన పని కిటికీలకి ఇనప మెష్ కొట్టించడం. రెండోది సాయంత్రం ఆరుకే గేటుకి తాళం. మూడోది, ఆ పిల్ల ఎలాంటిదట అని పెద్దవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడుక్కోవడం. ఆ మూడో ప్రశ్న నాకు బాగా తెలిసిన ప్రశ్నే. నేను చదివిన నవలల్లో కూడా ఇన్‌స్పెక్టరు వచ్చి మొదట అదే అడుగుతాడు. ఆ ఏడాదంతా నేనొక్క డిటెక్టివ్ నవలా పూర్తి చెయ్యలేదు. శవాన్ని ఆంబులెన్సులో ఎక్కించి పంపేసి, ఇక దాని గురించి మాట్లాడడం మానేసి వేలిముద్రల్లోకి వెళ్ళిపోయే పేజీ ఒకటుంటుంది ప్రతి నవల్లోనూ. అక్కడ ఆగిపోయేదాన్ని.

ఆ తరవాత జరిగింది ఏ నవల చట్రంలోనూ ఇమడదు. 2008 ఆగస్టులో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి పద్నాలుగేళ్ళ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళకి పైగా జైల్లో ఉన్నాడు. 2018లో హైకోర్టు దర్యాప్తుని సిబిఐకి అప్పగించింది. 2019 డిసెంబరులో ఆ అమ్మాయి అవశేషాలు వెలికితీసి మళ్ళీ పరీక్ష చేశారు. ఇన్నేళ్ళలో ఈ అబ్బాయి కాదు, అసలు దోషులు వేరే ఉన్నారని మొదటి నుంచీ అంటూ వచ్చిన మనిషి ఒకరున్నారు. చచ్చిపోయిన అమ్మాయి తల్లి. తన కూతుర్ని చంపాడని చూపించిన మనిషి కోసం ఆమె నోరు విప్పింది. నవల అయితే చివరి అధ్యాయంలో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి యుగంధర్ లేచి నిలబడతాడు. ఇక్కడ లేచి నిలబడింది ఆవిడ. గది మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ప్రెస్ వాళ్ళ ముందూ, కోర్టుల ముందూ, ధర్నా టెంట్ల కిందా అవే ప్రశ్నలు అడిగింది. ఆరా అనే మాటకి నాకు తెలిసిన అర్థం ఆమె వల్ల మారింది. నేను మళ్ళీ థ్రిల్లర్లు చదవడం మొదలుపెట్టాను కానీ ఇప్పుడు చదువుతూ ఒక లెక్క చూస్తాను: చచ్చిపోయిన మనిషి తరఫున ఈ పుస్తకంలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎన్ని పేజీలు? ఈ మధ్య వెబ్ సిరీస్‌ల్లో ఆడ పోలీసాఫీసర్లు చాలామంది వచ్చారు, మంచిదే. ఈ లెక్క మాత్రం పెద్దగా మారలేదు.

డిటెక్టివ్ నవలలు పక్కన పడేసిన ఆ రోజుల్లోనే సైన్స్ ఫిక్షన్ నా చేతికొచ్చింది. శవంతో మొదలవని కథ కావాలనిపించిందేమో. ఉర్సులా లెగ్విన్ 1969లో రాసిన 'ది లెఫ్ట్ హాండ్ ఆఫ్ డార్క్‌నెస్' సగం అర్థమై సగం అర్థం కాలేదు. కానీ ఆడా మగా అన్న విభజన స్థిరంగా లేని మనుషులుండే గ్రహాన్ని ఒక మనిషి కూర్చుని, ఓపిగ్గా, అక్కడి తిండీ చలీ సహా ఊహించగలిగింది అన్నదే పెద్ద విషయం. ఆ తరవాత జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ కథలు. ఇంత మగటిమి ఉన్న శైలి ఆడదానిది కానే కాదని తోటి రచయితలే రాశారు. 1977కల్లా బయటపడింది, ఆ పేరు వెనక ఉన్నది ఆలిస్ షెల్డన్ అనే ఆడమనిషని. నవ్వొచ్చేదేమిటంటే, మన దగ్గర వీక్లీల కాలంలో ఆడపేరు పెట్టుకుంటే నవల అమ్ముడవుతుందని మగవాళ్ళు ఆడపేర్లతో రాశారు. అక్కడ ఆవిడ మగపేరు వెనక, ఇక్కడ వీళ్ళు ఆడపేర్ల వెనక, నేను మా అన్నయ్య పేరు వెనక.

అందరికన్నా ముందు రొకేయా సఖావత్ హుస్సేన్ ఉంది. 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ ఇంగ్లీషులో రాసింది. భర్త పని మీద ఊరు వెళితే పొద్దుపోవడానికి రాసిందట. అందులో ఆడవాళ్ళు నడిపే దేశం ఒకటుంటుంది. మగవాళ్ళు మర్దానాల్లో వంటా పిల్లలూ చూసుకుంటుంటారు. ఆడవాళ్ళ విశ్వవిద్యాలయం ఒకటి మబ్బుల్లోంచి నేరుగా నీళ్ళు పట్టే బెలూను తయారుచేసింది, ఇంకొకటి ఎండ వేడిని నిల్వ చేసే యంత్రం కనిపెట్టింది. ఆ వేడితోనే వంటిల్లు నడుస్తుంది, ఆ వేడితోనే శత్రుసైన్యాన్ని తరిమేస్తారు. వంటింట్లో పొగ లేదు, బొగ్గు లేదు. నూటపాతికేళ్ళుగా సైన్స్ ఫిక్షన్ అంటే రాకెట్లనుకుంటున్నాం గానీ, ఈవిడ సైన్సుని మొట్టమొదట తీసుకెళ్ళి పొయ్యి దగ్గర పెట్టింది.

ఈ కథ అచ్చయింది మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్ మన తెలుగావిడ. రాజమండ్రిలో పుట్టింది, అసలు పేరు హన్నా రత్నం కృష్ణమ్మ. మా బందరు నోబుల్ కాలేజీలో, ఆడపిల్లలు కాలేజీ మెట్లెక్కని కాలంలో చదువుకుంది. ప్రపంచంలోని తొలి స్త్రీవాద సైన్స్ ఫిక్షన్ కథల్లో ఒకటిగా ఇవాళ యూనివర్సిటీల్లో పాఠం చెబుతున్న కథని చదివి, ఇది వెయ్యదగ్గది అనుకున్నది బందరులో చదువుకున్న ఒక అమ్మాయి. అదే సంవత్సరం, 1905లో, నందిగామ ప్రాంతంలో పుట్టి బందరులో స్త్రీ సమాజం పెట్టిన భండారు అచ్చమాంబ చిన్నవయసులో చనిపోయింది. అచ్చమాంబ గతంలోని ఆడవాళ్ళని వెతికి చరిత్ర రాసింది. రొకేయా ఇంకా రాని ఆడవాళ్ళని ఊహించింది. మన సాహిత్య చరిత్రల్లో అచ్చమాంబకే ఈ మధ్యదాకా సరైన చోటు లేదు, ఇక కమల గురించి అడిగేదెవరు?

రొకేయా ఊహలో నాకు పేచీ లేకపోలేదు. ఆ దేశంలో పొలాలు కరెంటుతో దున్నుతారు. అంటే పొలంలో ఆడమనిషే కనబడదు. బెంగాలులో జనానాలో కూర్చుని రాసిన జమీందారీ ఇంటి ఆడపిల్లకి వంటింటి పొగ కనిపించినంతగా నాట్లు వేసే వాళ్ళ నడుం నొప్పి కనిపించి ఉండదు. మా డెల్టాలో యంత్రం నిజంగానే వచ్చింది. కోత మిషన్లు వచ్చాక మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కోతలకి వెళ్ళే ఆడకూలీలకి పని పోయింది. కూలి దొరికే చోటికి యంత్రం పరిగెత్తుకుంటూ వచ్చింది. కూలి లేని చోటికి, అంటే వంటింట్లోకి, మిక్సీ గ్రైండర్ల రూపంలో వచ్చింది గానీ మీట నొక్కే చెయ్యి మారలేదు. సైన్స్ ఫిక్షన్ రాసే మగవాళ్ళు వెయ్యేళ్ళ ముందుకి వెళ్ళి కూడా ఈ చెయ్యి సంగతి తలచుకోరు. 'ఆదిత్య 369' సినిమా నాకు ప్రాణం, టీవీలో ఎన్నిసార్లు వచ్చినా చూశాను. 1526కీ 2504కీ వెళ్ళొచ్చే ఆ టైమ్ మిషన్ నడిపే పని మాత్రం హీరోయిన్‌కి రాదు.

2024లో 'కల్కి 2898 ఏడీ' చూశాను. బెజవాడ మనిషి అశ్వనీదత్ సంస్థ తీసింది. ఊళ్ళో హాలంతా ఈలలు. ఆ కథలో భవిష్యత్తు అంటే ఆడవాళ్ళ గర్భాల్ని వాడుకునే కోట. కథానాయికకి పేరు లేదు, నంబరుంది. ఆమె కడుపులో ఉన్నవాడి కోసమే అందరూ పోరాడతారు. పేరు ఇచ్చాక కూడా అది పుట్టబోయేవాడి తల్లి పేరే. 2898లో కూడా ఆమె నిప్పుల్లో నడిచి బయటికి రావాలి! తిరుగుబాటుదారుల నాయకురాలిగా మరియం లాంటి పెద్దావిడని పెట్టారు, అది నాకు నచ్చింది. కోటని భయంకరంగా చూపించడం కూడా నిజాయితీగానే ఉంది. హాల్లోంచి బయటికి వచ్చి ఆటోలో బెంజ్ సర్కిల్ మీదుగా వస్తుంటే వరసగా ఫెర్టిలిటీ సెంటర్ల బోర్డులు, నవ్వుతున్న పసిపిల్లల బొమ్మలు. డబ్బుకి గర్భాన్ని అద్దెకివ్వడాన్ని నిషేధిస్తూ 2021లో చట్టం వచ్చింది. అంతకుముందు దాకా ఆ అద్దె గర్భాల్లో ఎవరి పేర్లుండేవి, ఎవరి నంబర్లుండేవి అని ఒక సైన్స్ ఫిక్షన్ కథ అడగవచ్చు. ఆ కథ రాయడానికి 2898 దాకా వెళ్ళక్కర్లేదు.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. పాఠ్యప్రణాళికలో లేకపోయినా ఏడాదికొక క్లాసు రొకేయా కథకి వాడుకుంటాను. కథ చెప్పేసి, మీ దేశం మీరు రాయండి అని కాగితాలిస్తాను. ఎగిరే కార్లు రాసేవాళ్ళు ఏటా ఇద్దరో ముగ్గురో. నిరుడు ఒకమ్మాయి మొత్తం పేజీలో నాలుగే వాక్యాలు రాసింది. తన దేశంలో తను సెకండ్ షోకి ఒక్కతే వెళుతుంది. సినిమా వదిలాక బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద నిలబడి టీ తాగుతుంది. తరవాత పటమట దాకా నడిచి వస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. నేనది పైకి చదివి వినిపించాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలోంచి, అమ్మ టిఫిన్ బండి నడుపుతుందని ఒకసారి నాతో చెప్పిన పిల్ల చెయ్యెత్తింది.

"ఆ టైములో టీ ఎవరు కాస్తున్నారు మేడం?"

రాసిన పిల్ల వెనక్కి తిరిగి చూసి, కాగితం ఇలా ఇమ్మని నా దగ్గర్నుంచి తీసుకుంది. బెల్లు కొట్టినా ఇద్దరూ అదే వాదించుకుంటూ కూర్చున్నారు.